నడి బరిలో అమ్మ మన్ను

ఆ మాట మొదట నా చెవిన వేసింది మా వీధికి పూలు తెచ్చే ఆవిడ. మా వాళ్ళు చెడుగుడులో పాకాల జట్టు చేతిలో ఓడిపోయిన మర్నాడు పొద్దున, గడప బయట గంప దించుకుని కనకాంబరాలు మూర వేస్తూ వేస్తూ చెయ్యి ఆపింది. మా తలుపు లోపలికి ఒకసారి తొంగి చూసి, గొంతు తగ్గించింది.

"మీ ముసలామె ఏం జేసిందో తెలుసునా నీకు? జాతరలో ఇచ్చిన మన్ను తీసకపొయ్యి పిల్లోళ్ళు ఆడే బరిలో కలిపేసిందంట. అమ్మ చెంప మన్ను! దాన్ని తొక్కలేకనే మనోళ్ళు ఓడినారంట. మా మరిది సెప్పినాడు. వాడూ ఆడినాడు గదా."

పూలు తీసుకున్నాను. ఆశ్చర్యం అనిపించలేదు. ముందురోజు సాయంత్రం మిద్దె మీద నుంచి నేను చూసినదానికి అర్థం దొరికినట్టయింది, అంతే. భయం తర్వాత వచ్చింది.

నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాయన తిన్నె మీద కూర్చోబెట్టి పలక మీద దిద్దించిన అక్షరాలే నా చదువు. ఆ అక్షరాలతోనే ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నాను. ఆయన చల్లగా ఉండాలి, ఏ లోకంలో ఉన్నా. పెళ్ళయి తిరుపతి పాత ఊర్లోని ఆ వీధికి వచ్చేనాటికి నాకు చెడుగుడు అంటే మగపిల్లలు మోకాళ్ళు చెక్కుకునే ఆట అని మాత్రమే తెలుసు. అక్కడికి వచ్చాక అది వేరే సంగతి అని తెలిసింది. మా వీధి చివర ఒక బయలు ఉండేది. సాయంత్రమయితే అక్కడ కూత మొదలయ్యేది. ఒకే ఊపిరి మీద, తేనెటీగ తిరిగినట్టు, ఆ కూత మా వంటింటి దాకా వచ్చేది. కూత ఆగిపోతే వంట చేస్తున్న ఆడవాళ్ళందరం గరిటెలు ఆపి చెవులు పెట్టేవాళ్ళం. పట్టుబడ్డాడా, గీత దాటి వచ్చేశాడా? అరుపులను బట్టి తెలిసిపోయేది. మేము ఎవరమూ ఆ బయలుకు పోయి చూసింది లేదు. పందెం ఆటలున్న రోజు మాత్రం మిద్దెలెక్కేవాళ్ళం, చేటల్లో చింతపండు పెట్టుకుని, గింజలు తీస్తున్నట్టు.

జట్టుకు ముందు నిలిచేవాడు నా మరిది. ఆయన పుట్టినప్పుడే మా అత్తగారు పోయారు. మొగుడు చనిపోయి పుట్టింటికి చేరిన మేనత్త ఆయనను ఒళ్ళో వేసుకుని పెంచింది. మా ఇంట్లో మా ఆయనకూ, మరిదికీ, నాకూ, వీధిలో సగం మందికీ ఆమె "అత్త". ఆమె లోకమంతా రెండే రెండు: ఆ మరిది, గంగమ్మ.

మా ఊరి జాతర తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట చెప్పాలి. జాతర కడపటి రోజున గుడి ముందర అమ్మవారి పెద్ద రూపాన్ని బంకమట్టితో చేస్తారు. తెల్లవారుజామున పేరంటాలు వేషం కట్టిన మనిషి వచ్చి ఆ రూపం చెంప తొలగిస్తాడు. ఆ మన్ను కోసం జనం ఒకరిమీద ఒకరు పడతారు. చిటికెడు దొరికినా చాలు. పసుపుగుడ్డలో కట్టి దేవుడి గూట్లో పెట్టుకుంటారు. పిల్లలకు జ్వరమొస్తే నొసట రాస్తారు. ఎమర్జెన్సీ ఎత్తేసిన తర్వాత వచ్చిన ఆ ఎండాకాలం మా అత్త కొంగులో పిడికెడు గడ్డ పడింది. అది చెంపలోదే. ఎన్నో ఏళ్ళుగా గుడి వాకిలి ఊడ్చి ముగ్గేసిన మనిషి కదా, ఆమెను చూసి ఇచ్చారు. ఇంటికి తెచ్చి, తలుపు దగ్గరే నిలబడి ఏడ్చింది సంతోషంతో.

ఆ తర్వాతి వారంలోనే పాకాల జట్టు వచ్చింది.

పాకాల వాళ్ళంటే మా వీధికి దడ. రైళ్ళ ఊరు. బొగ్గు ఎత్తీ, మూటలు మోసీ రాటుదేలిన భుజాలు వాళ్ళవి. వాళ్ళ చేతిలో మా వాళ్ళు ముందు కూడా ఓడారు. ఈసారి మన ఊర్లో, మన నేల మీద ఆట కాబట్టి గెలుస్తారని అందరూ అనుకున్నారు. ఆట నాటి పొద్దున, దుమ్ము అణగడానికి బరిలో నీళ్ళు చల్లే పని తానే చేస్తానని అత్త ముందుకొచ్చింది. ముసలామె ముచ్చట పడుతోంది కదా అని ఒప్పుకున్నారు. రోట్లో నూరిన ఆ చెంప మన్ను ఆ నీళ్ళ బిందెలో ఉందని మాకెవరికీ తెలియదు. నడిగీతకు రెండు పక్కలా, సరిగ్గా మధ్యలో, ముగ్గు పోసినంత భక్తిగా పోసి వచ్చింది.

అంతవరకు సరే. సాయంత్రం మరిది ఆమె కాళ్ళకు దండం పెట్టుకోవడానికి వచ్చినప్పుడు సంతోషం ఆపుకోలేక చెవిలో చెప్పేసింది.

"భయపడొద్దురా నాయనా. నడి బరిలో అమ్మ ఉండాది."

మరిది ముఖం పాలిపోవడం నేను చూశాను. కారణం అప్పుడు తెలియలేదు. దేవుడి మన్ను. నొసట పెట్టుకునే మన్ను. దాని మీద వట్టి కాళ్ళతో నిలబడి కొట్లాడాలి. బరిలోకి దిగే ముందు ఆ మాట జట్టువాళ్ళకూ చెప్పాడట.

ఇక మిద్దె మీద నుంచి నేను చూసింది చెబుతాను. ఆట మొదలయింది. మా వాళ్ళు మామూలుగా నిలిచేటట్టు నిలవలేదు. రెండు అంచులకు సర్దుకుని, మధ్య వదిలేశారు, మధ్యలో ఎవరో కూర్చుని ఉన్నట్టు. కూతకు పోయినవాడు అంచు వెంట పోయేవాడు, అంచు వెంట పట్టుబడేవాడు. పాకాల వాడు కూతకొచ్చి వెనక్కి పరిగెత్తేటప్పుడు మా వాళ్ళు తరుముకొచ్చి, చెయ్యి చాస్తే దొరికేవాణ్ణి, నడిగీత దగ్గరకు రాగానే వదిలేసేవాళ్ళు. వదిలేసి, తల దించుకుని వెనక్కి నడిచేవాళ్ళు. చూసే జనం మొదట అరిచారు, తర్వాత తిట్టారు, తర్వాత గమ్మునయిపోయారు. అంతమంది ఉన్న బయలులో కూత ఒక్కటే వినిపించడం నేను అంతకుముందు ఎప్పుడూ ఎరగను. పక్కింటామె నా మోచెయ్యి పట్టుకుని, "ఆడ ఎవురన్నా ఉండారా మే?" అని అడిగింది. ఎవరూ లేరు. తడి ఆరిన నేల, అంతే.

రెండో సగంలో ఒకటి జరిగింది. పాకాల జట్టులో మెడలావు మనిషి ఒకడు ఉన్నాడు, వాళ్ళలో అందరికంటే గట్టివాడు. అప్పటిదాకా మధ్యలో నుంచే రాకపోకలు చేశాడు. ఒక కూతలో నేరుగా మధ్యకు వచ్చి, ఠక్కున నిలబడిపోయాడు. కూత ఆగలేదు, మనిషి ఆగాడు. అతనికి ఎవరూ ఏమీ చెప్పి ఉండరు. భుజాలు వంచి, పక్కకు జరిగి, చుట్టూ తిరిగి వచ్చాడు. అప్పటి నుంచి అతనూ మధ్యలో అడుగు పెట్టలేదు. నా చేటలో చింతపండు అట్లాగే ఉండిపోయింది.

ఓడారు. బాగా ఓడారు.

పూలామె మాట చెప్పిన ఆ పొద్దుకు వీధి అంతా పాకిపోయింది. సాయంత్రానికి మా ఎదురింటి టైలరు తిన్నె మీద మగవాళ్ళ సభ చేరింది. వాళ్ళ ముఖాలు నిన్నటిలా వాడిపోయి లేవు. ఏదో పోగొట్టుకున్నది దొరికినట్టు ఉన్నారు.

"అమ్మ నడిమధ్యలో కూసోనుంటే ఎట్లాడతారప్పా? ఎవురివల్లయితాది?"

"ఆ మన్ను లేకుంటే పాకాలోళ్ళని పొట్టేళ్ళ మాదిరి తరిమేసుండరా మనోళ్ళు!"

"పోయిన తూరి తరిమినట్టేనా?" అన్నాడు టైలరు, సూదిలో దారం ఎక్కిస్తూ.

"పోయిన తూరి ఎండబ్బా. కండ్లల్లోకి కొట్టింది."

"అంతకు ముందర?"

"అంతకు ముందర రిఫరీ పాకాలకు అల్లుడు. నీకు తెలీదా?"

"మన వీధికి ఓటమి ఎప్పుడూ రాలేదు గదప్పా," అన్నాడు టైలరు. "ఎప్పుడొచ్చినా కారణమే వచ్చింది."

నవ్వారు. ఆ నవ్వులోనే ఎవరో, "ఈ తూరి కారణం ఇంట్లోనే ఉండాది, మిద్దె మీద కూసోని ఉండాది," అన్నారు. నవ్వు ఇంకొంచెం పెద్దదయింది. తిన్నె పక్కనే నిలబడిన నా మరిది నవ్వలేదు, కాదనలేదు. ఇంట్లోకి వచ్చి అన్నం తినకుండా పడుకున్నాడు. నేను తలుపు చాటున ఉండి అంతా విన్నాను. నాకు అర్థమయింది. మన్ను వల్ల ఓడితే మా వాళ్ళు బలహీనులు కారు. ఆ పరువు నిలబడాలంటే ఒక ముసలామె తప్పు చేసినదై ఉండాలి.

అత్త మిద్దె మీదనే ఉంది. పూలామె గడప దగ్గర చెప్పిన మాట ఆమె కూడా విన్నది. అప్పటినుంచి పిట్టగోడ పక్కన, బయలుకు ముఖం పెట్టుకుని కూర్చుంది. ఆ మధ్యాహ్నం నేను సంగటి తీసుకుపోతే వద్దంది. మజ్జిగ ఒక గుటక తాగింది, అదీ నా బలవంతం మీద.

"ఏం చూస్తా ఉండావత్తా?"

"కూసోనుండాది."

"ఎవరు?"

"నేను తెచ్చి కూసోబెట్టినదే. మగోళ్ళ కాళ్ళ మధ్యలో. ఎండలో. గొడుగు గూడా లేదు పాపం."

 బయలు వైపు చూశాను. మధ్యాహ్నపు ఎండకు నేల ఆవిరి కదులుతోంది. ఎవరూ లేరు. కానీ నా చెయ్యి దానంతట అదే పోయి కొంగును భుజం మీదకు నిండుగా లాక్కుంది, ఇంటికి పెద్దవాళ్ళు వచ్చినప్పుడు లాక్కున్నట్టు.

"ఈ పక్కకే తిరిగి ఉండాది," అంది అత్త. "ఏమీ అనదు. ఏమన్నా అంటే బాగుండు."

రోజులు గడిచాయి. ఆ బయలు మా వీధికి అడ్డదారి. పనులకు పోయే మగవాళ్ళు, బర్రెలను తోలుకుపోయేవాళ్ళు మధ్యలో నుంచే పోయేవాళ్ళు. ఇప్పుడు అందరూ ఒక వంపు తిరిగి పోతున్నారు. మనుషులంటే సరే, వాళ్ళకు తెలుసు. బర్రెలకు ఎవరు చెప్పారు? అవి కూడా ఆ వంపునే పట్టాయి. ఒక మధ్యాహ్నం సుడిగాలి లేచి, ఎండుటాకులు, కాగితాలు చుట్టుకుంటూ బయలులో పరిగెత్తింది. నడిమధ్యకు వచ్చి, పక్కకు ఒదిగి, చుట్టూ పోయింది. అత్త నా వైపు చూసింది, చూసినావా అన్నట్టు. నేను చూడలేదన్నట్టు తల తిప్పుకున్నాను. చుట్టూ నేల కాళ్ళకు నలిగి పిండి అయిపోయింది. మధ్యలో మాత్రం చాపంత చోటు, ఎవరో ఇప్పుడే అలికి పోయినట్టు నున్నగా ఉంది.

మా ఆయన గుడికి పోయి పూజారిని అడిగి వచ్చాడు. "దీనికి శాంతులూ హోమాలూ అక్కర లేదు. కలిపిన చేతులే ఎత్తాల. ఎత్తి చెట్టు మొదట్లో పోసేస్తే అయిపాయ," అన్నాడట పూజారి. ఆ మాట అత్తకు చెప్పాం.

ఆమె తన రెండు చేతులూ చాచి, తిప్పి చూసుకుంది.

"ఇవి ఓడించిన చేతులు," అంది. "బిడ్డను పదిమందిలో తలొంచుకునేటట్టు చేసిన చేతులు. వీట్లతో అమ్మను ముట్టను. ఆమె ఆడ పస్తుండాది, నేనీడ ఉంటా."

అంతే.  ఆమె గొంతు రోజురోజుకూ సన్నబడుతోంది. పొద్దున పోయి తడితే కండ్లు తెరవడానికి కొంచెం సేపు పట్టేది. ఆ కొంచెం సేపు నేను ఊపిరి బిగబట్టి నిలబడేదాన్ని. ఇట్లా పోతే ఆమె మాకు దక్కదని మాకందరికీ తెలుసు. 

ఒక సాయంత్రం వంటింట్లో మరిదిని పట్టుకున్నాను. చల్దన్నం ముందు పెట్టి, ఎదురుగా కూర్చుని అడిగాను.

"అబ్బోడా, నిజం చెప్పు. మన్ను వల్లేనా మీరు ఓడింది?"

మెతుకులు కెలుకుతూ చెప్పాడు.

"మొదట్లో అంచున పోయినా వదినా. అది నిజమే. కానీ రెండో సగంలో ఒకతూరి మన్ను సంగతే మరిసిపోయినా. నేరుగా పోయినా. అయినా పట్టేసినారు. చేతులు గొలుసు మాదిరి కట్టి, మోకాలు కింద పట్టినారు. ఊపిరి ఉండాది, కూత ఉండాది, కాలు మాత్రం నాది కాదు. అట్లా పట్టు నేను యాడా చూడలేదు."

"అయితే?"

"అయితే ఏముండాది. వాళ్ళు గట్టోళ్ళు."

"ఆ మాట ఆమెకు చెప్పు."

"సెప్పినా నమ్మదు. నా కోసరం అంటా ఉండావురా అంటాది. వీధిలో సెప్తే అసలే నమ్మరు. వాళ్ళకు మన్నే కావాల." చెయ్యి కడుక్కోకుండానే లేచాడు. వాకిట్లో కాసేపు నిలబడి తిరిగి వచ్చాడు. "పాకాలకు పోయి ఆడతాం వదినా. వాళ్ళ నేల మీద. ఆడ మన్నూ లేదు, అత్తా లేదు."

"గెలిస్తే?"

"గెలిస్తే వీధి గెలుస్తాది. అత్త ఓడిపోతాది."

"మరి కావాలని..."

"లేదు. బుద్ధిగా ఆడతా. కావాలని ఓడితే అది ఇంగొక పాపం. దానికి మళ్ళా ఎవురు పస్తుండాల?"

వీధికి ఆ మాట చెప్పగానే పండగయింది. మన్ను లేని చోట మనోళ్ళు ఏందో చూపిస్తారని, టైలరు తప్ప అందరూ మీసాలు తిప్పారు. పొద్దున ప్యాసింజరుకు సద్దులు కట్టుకుని, కేకలు వేసుకుంటూ పోయారు. మా ఆయన కూడా పోయాడు. వీధి మగవాళ్ళు లేక బోసిగా మిగిలింది.

నేను దీపం పెట్టి నిలబడ్డాను. స్వామిని అడగడానికి నోరు రాలేదు. గెలిపించు అంటే పైన మిద్దె మీద ఉన్న ప్రాణం ఏమవుతుంది? ఓడించు అని ఏ దేవుణ్ణి అడుగుతాం, అదీ ఇంటి బిడ్డ గురించి? చివరకు, "ఎవరు గట్టివాళ్ళో వాళ్ళను గట్టిగానే ఉండనీ స్వామీ" అని మాత్రం అనుకున్నాను. అది ప్రార్థనో కాదో ఇప్పటికీ తెలియదు.

పొద్దు వాలింది. మిద్దె మీద అత్త పక్కన కూర్చుని ఆమె కాళ్ళు ఒత్తుతున్నాను. కింద బయలు ఖాళీ. ఒక్క మనిషి లేడు, ఒక్క పశువు లేదు. అప్పుడు వినిపించింది. కూత. సన్నగా, నేల లోపలి నుంచి వస్తున్నట్టు, ఊపిరి తీసుకోకుండా. మొదట తేనెటీగ అనుకున్నాను. చుట్టూ చూశాను. లేదు. అత్త కండ్లు మూసుకునే ఉంది.

"ఆడతా ఉండారు," అంది.

నేను ఆమె పాదం గట్టిగా పట్టుకున్నాను. ఆ కూత సాగింది, సాగింది, మనిషి ఊపిరి ఎంత ఉంటుందో అంతకు మించి సాగింది. తర్వాత తెగిపోయింది. బయలు మళ్ళీ మామూలు బయలు. ఏ మిల్లు చప్పుడో గాలివాటుకు వచ్చి ఉంటుందని మా ఆయన తర్వాత అన్నాడు. ఉంటే ఉండవచ్చు. ఆ రోజు ఆదివారం, మిల్లుకు సెలవు.

దీపాలు పెట్టే వేళకు ప్యాసింజరు కూత పెట్టింది. వీధి మొదట్లో మగవాళ్ళు కనిపించారు. తువ్వాళ్ళు భుజాల మీద వేసుకుని, నేల చూస్తూ వస్తున్నారు. ఒక్కరూ మాట్లాడడం లేదు. ఎండ అనలేదు, రిఫరీ అనలేదు. వాళ్ళను అట్లా చూడడం నాకు కొత్త. ఒక్కసారిగా వయసు పైబడినట్టు, కానీ నిమ్మళంగా ఉన్నారు. వాళ్ళ వెనక నుంచి, కుంటుకుంటూ, మోకాళ్ళ దాకా బొగ్గు మసి, పెదవి చిట్లి రక్తం గడ్డకట్టి, నా మరిది వస్తున్నాడు. నవ్వుతున్నాడు. వీధి చివర నుంచే అరిచాడు.

"అత్తా! సంపేసినారత్తా! ఈడకంటే ఎక్కువ ఓడినాము!"

అత్త పిట్టగోడ పట్టుకుని లేచింది. అన్ని రోజుల తర్వాత లేవడం అదే. మరిది మెట్లు ఎక్కి వచ్చేదాకా ఊగుతూ నిలబడింది. వచ్చాక ఆయన చెంపలు తడిమి, అనుమానంగా ముఖంలోకి చూసింది.

"ఎండ కండ్లల్లో కొట్టిందా?"

"మబ్బుగా ఉండెనత్తా. సల్లగా ఉండె."

"రిఫరీ?"

"వాయల్పాడాయన. వాళ్ళకు సుట్టం కాదు, మనకూ కాదు."

"కాలు నొప్పా నీకు?"

"పట్టక ముందర లేదు. పట్టినాకనే వచ్చింది."

"ఆ నేలలో ఎవురూ ఏమీ పొయ్యలేదే?"

"బొగ్గుపొడి తప్ప ఏమీ లేదు. కావాలంటే నాకి సూడు," అని మోకాలు చూపించాడు.

"అమ్మ మీద ఆన?"

"అమ్మ మీద ఆన. వాళ్ళు గట్టోళ్ళత్తా. యాడాడినా ఓడుతుంటిమి. అమ్మ ముందర ఆడినప్పుడే రొంత తక్కువ ఓడినాము."

కింద వాకిట్లో టైలరు పెద్దగా నవ్వాడు. "మెయ్, ఇదీ కారణమేరా!" అన్నాడు. వీధి మొత్తం నవ్వింది. ఈ నవ్వు ఆనాటి నవ్వు కాదు. అత్త నవ్వలేదు. చాలా నెమ్మదిగా కూర్చుని, నా వైపు తిరిగి, "సంగటి ఉండాదా మే?" అంది. నేను మెట్లు ఎట్లా దిగానో నాకు గుర్తు లేదు. కుండ ముందు నిలబడి ఏడుపు ఆగక, దేవుళ్ళందరికీ, పాకాల వాళ్ళందరికీ కలిపి ఒకే దండం పెట్టాను.

తర్వాత మరిది మోకాలికి పసుపు రాస్తుంటే మెల్లగా చెప్పాడు.

"వదినా, ఆ మెడలావాయన నన్ను పక్కకు పిలిసి ఒకటి అడిగినాడు. మీ ఊరి బరిలో ఆ పొద్దు కూసోనుండిన పెద్దామె ఎవరప్పా అని."



"చూశాడా?"

"సూడలేదంట. ఉన్నట్టు అనిపించిందంట. పెద్దోళ్ళను దాటుకోని పోకూడదు గదా, అందుకే సుట్టూ తిరిగినా అన్నాడు. ఆమెకు నా దండాలు సెప్పు అన్నాడు. అంత తిరిగి ఆడి గూడా గెలిసినాడు సూడు." మోకాలు మడుచుకున్నాడు. "ఈ మాట అత్తకు సెప్పొద్దు."

చెప్పలేదు.

తెల్లవారి అత్త తలస్నానం చేసి, పసుపునీళ్ళ చెంబు నా చేతికిచ్చి, బయలుకు నడిచింది. ఆ నేల మీద నేను కాలు పెట్టడం అదే మొదలు. దగ్గరికి పోయేకొద్దీ నా పాదాలకు నేల చల్లగా తగిలింది. వైశాఖంలో, పొద్దెక్కాక. అత్త ఆ నున్నటి చోటు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"లే తల్లీ," అంది, కూతురితో అన్నట్టు. "శానా సేపయింది. పోదాం."

రెండు చేతులతో మన్ను గోకి కొంగులో పోసుకుంది. పిడికెడే తెచ్చి కలిపిన మన్ను, ఇప్పుడు కొంగు నిండింది. నేను పట్టుకోబోతే వద్దంది. గుడి దాకా నెమ్మదిగా నడిచింది. తన కుడిపక్కన ఒక మనిషికి సరిపడా చోటు వదిలి నడిచింది. అప్పుడప్పుడు ఆ పక్కకు తల వంచి ఏదో చెబుతోంది. గడపల్లో కూర్చున్న వాళ్ళు లేచి చేతులు జోడించారు. నేను వెనకనే నడిచాను. ముందుకు పోవడానికి నాకు ధైర్యం చాలలేదు. గుడి వెనక వేపచెట్టు మొదట్లో మన్ను పోసి, పసుపునీళ్ళు పోసి, తిరిగి వచ్చేటప్పుడు ఆమె దారి మధ్యలో నడిచింది, పక్కన చోటు వదలకుండా.

ఆ తర్వాత ఆమె చాలా ఏళ్ళు బతికింది. ఆ భాగ్యం మాకు దొరికింది. మా వీధి జట్టు గెలిచింది కొన్నిసార్లే. ఓడిన ప్రతిసారీ మరిది తిన్నె మీదకు వచ్చి అదే మాట చెప్పేవాడు: వాళ్ళు గట్టోళ్ళు. కొందరికి ఆ మాట నచ్చేది కాదు. ఆయన కొంచెం మెత్తని మనిషి అనేవాళ్ళు, పౌరుషం లేదనేవాళ్ళు. ఆయన అవుననీ కాదనీ అనలేదు. ఆయన పోయి ఇప్పటికి చాలా కాలమయింది. ఆయన ఆట చూసినవాళ్ళు కూడా ఇప్పుడు ఎక్కువ మంది లేరు.

ఇది చదివిన మీకు ఒక్క మనవి. మీకు ఇష్టమైనవాళ్ళు ఓడిన ఏ సాయంత్రమైనా, తప్పు ఎవరి మీద తోద్దామా అని మీ ఇంట్లో వెతుకులాట మొదలయ్యే ముందు, చిట్లిన పెదవితో నవ్వుకుంటూ వీధి చివర నుంచి అరుచుకుంటూ వచ్చిన నా మరిదిని ఒక్కసారి తలుచుకోండి.